కప్పు కింద చిటికెనవేలు

టీ కప్పును బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టడానికి ఒక కిటుకుంది. ముందు చిటికెనవేలు బల్లకి ఆనించాలి. కప్పు అడుగు ఆ వేలి మీద దిగాలి. తర్వాత వేలిని మెల్లగా వెనక్కి లాక్కోవాలి, నిద్రపోయిన పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీసుకున్నట్టు. కొత్తలో వేలు చుర్రుమనేది. ఇప్పుడు అక్కడి చర్మం మొద్దుబారిపోయింది. ఈ విద్య నాకు ఎవరూ చెప్పలేదు, మా అత్తగారు పెడుతుంటే చూసి నేర్చుకున్నాను. అత్తవారింట్లో నేను నేర్చుకున్నవన్నీ అలాంటివే. చెప్పరు, కానీ రాకపోతే మాత్రం ఊరుకోరు.

సాయంత్రం ఆరు కాగానే మా ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. "వాడు పని చేసుకుంటున్నాడు" అని అత్తగారు నాతో అంటుంది. "నాన్న పని చేసుకుంటున్నారు" అని నేను మా అమ్మాయితో అంటాను. అది వెళ్ళి గుమ్మంలో నిలబడ్డ స్నేహితురాలికి అదే మాట గుసగుసగా చెప్పి పంపేస్తుంది. ఆయన సరుకు రవాణా కంపెనీలో అకౌంటెంటు. ఆఫీసులో తెమలని లెక్కలు ఇంటికి తెచ్చుకుంటారు. నడిమి గదిలో కంప్యూటరు, తలుపుకి ఎదురుగా ఆయన మొహం, స్క్రీన్ వీపు మనకి. ఆ గదిలోకి వెళ్ళే హక్కు టీ కప్పుకుంది, దాన్ని మోసుకెళ్తాను కాబట్టి నాకుంది. ఆయన వెనక కిటికీ పక్క పాత కుర్చీ అత్తగారిది గనక ఆవిడా ఉండొచ్చు, మాట్లాడకుండా.

పెళ్ళయిన కొత్తలో అడిగాను, నాకూ కాస్త నేర్పండి అని. ఆయన నవ్వారు. "పద్ధతిగా కోర్సు చేసినవాళ్ళకే ఇవి తలకెక్కవు. చూసి నేర్చేసుకోడానికి ఇదేమన్నా కూరా?" అన్నారు. మళ్ళీ అడగలేదు. కానీ కళ్ళున్నాయి కదా. కప్పు చప్పుడు కాకుండా పెట్టడానికి కాస్త టైము పడుతుంది. వేలు లాక్కునేంత సేపు, అదే నా క్లాసు. ఆ సేపట్లో ఆయన చేతులెటు వెళ్తున్నాయో చూసేదాన్ని. రోజుకింత. అన్నం ముద్ద దాచుకున్నట్టు దాన్ని మనసులో దాచుకుని, మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళాక, దుమ్ము తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని ఆ కుర్చీలో కూచునేదాన్ని. ఎవరన్నా వస్తే తుడుస్తున్నట్టు ఉంటుందని.

నేను చూసినవే ముట్టుకునేదాన్ని. చూడనివాటి జోలికి పోయేదాన్ని కాదు, పాడైతే నా నెత్తి మీదే కదా. ఒకరోజు ఎక్సెల్‌లో ఒక గడి మూల పట్టుకుని కిందికి లాగితే అంకెలు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి దిగాయి. కూడిక కూడా దానంతటదే వచ్చేసింది. ఒక్కదాన్నే ఉన్న గదిలో పైకి నవ్వేశాను. వెంటనే చేత్తో నోరు మూసుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా మూసుకున్నాను.

నేను గమనించినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. నేను గుమ్మంలో కనబడగానే ఆయన ఎడమచెయ్యి రెండు బటన్లని కలిపి నొక్కేది, టక్‌మని. నేను బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకి వచ్చేసరికి స్క్రీన్ ఖాళీగా ఉండేది. అప్పుడు కింది వరసలోంచి లెక్కల షీటు పైకి తెచ్చి అంకెలు కొట్టడం మొదలుపెట్టేవారు. ఎప్పుడు వెళ్ళినా ఇంతే. కాబట్టి పని అలాగే మొదలుపెట్టాలని తెలుసుకున్నాను. ముందు రెండు బటన్లు నొక్కి అన్నీ దించాలి, తర్వాత పని పైకి తేవాలి. వంటకి ముందు గట్టు తుడుచుకుంటాం చూడండి, ఇదీ అలాంటిదే అనుకున్నాను. షీటు షీటుకీ అలా చేసేదాన్ని. చెయ్యకపోతే అంకెలు చెడిపోతాయేమోనని భయం కూడా ఉండేది.

ఆ దొంగచదువే నాకు కుర్చీ ఇచ్చింది. నేను పనిచేసేది మందుల సీసాలకి లేబుళ్ళు అచ్చువేసే కంపెనీలో. నేను ప్యాకింగు హాల్లో చేరాను. అక్కడ కుర్చీలు ఉండవు. కట్టలు లెక్కపెట్టి, అంచులు సరిచేసి, పెట్టెల్లో సర్దడం, పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి. ఇంటికొచ్చేసరికి చీలమండలు చపాతీ పిండి ముద్దల్లా ఉండేవి, వేలితో నొక్కితే గుంట పడేది. ఆ కాళ్ళతోనే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. స్టాకు లెక్కలు చూసే మనిషి మానేసినప్పుడు, కంప్యూటరు వచ్చినవాళ్ళెవరన్నా ఉన్నారా అని సూపర్‌వైజరు అడిగాడు. నా చెయ్యి నాకన్నా ముందు లేచింది.

"ఎక్కడన్నా కోర్సు చేశావా?"

"లేదండీ. ఇంట్లోనే నేర్చుకున్నాను."

"ఎవరు నేర్పారు?"

చెబితే నమ్మేలా ఏదో ఒకటి చెప్పాలి. "మావారు" అన్నాను. సూపర్‌వైజరు మొహం విచ్చుకుంది. "మొగుడే కూచోబెట్టి నేర్పాడంటే అదృష్టవంతురాలివమ్మా" అన్నాడు. ఆ మాట ఎలాగో ఇంటికీ చేరింది. ఆయన కాదనలేదు సరికదా, చుట్టాలొస్తే "మా ఆవిడకి అన్నీ నేనే నేర్పాను" అనడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి తలూపేదాన్ని. కుర్చీ దొరికింది కదా, పేరెవరిదైతేనేం అనుకున్నాను. చేతులున్న కుర్చీ అది, నల్ల రెగ్జిను అక్కడక్కడా పెచ్చులూడింది. అందులో కూచున్న మొదటిరోజు కూచునే అలవాటు లేక, మధ్య మధ్యలో నేనే లేచి నిలబడ్డాను.

తర్వాత పక్క కుర్చీలోకి ఇంకో అమ్మాయి వచ్చింది. ఒక్కచోట నిలవదు, అందరూ బొంగరం అంటారు. దానికి పని నేనే నేర్పాను, రెండు బటన్లతో సహా.

ఇలా నడుస్తుండగా కంపెనీ పాత పద్ధతి తీసేసి కొత్త స్టాకు సాఫ్ట్‌వేర్ పెట్టింది. దానికి బయట క్లాసు. సాయంత్రం ఆరింటికి. పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళు కుర్చీలో ఉంటారు, తేనివాళ్ళు ప్యాకింగు హాలుకి వెళ్తారు. మూడు క్లాసులు తప్పితే పేరు కొట్టేస్తారు. సూపర్‌వైజరు ఈ మాట చెబుతున్నంత సేపూ నేను నా చీలమండల వైపే చూసుకుంటూ ఉన్నాను.

ఇంట్లో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని బయట క్లాసేంటి? ఎవరికి వాళ్ళు కుస్తీపడి నేర్చుకున్నదే నిలుస్తుంది. క్లాసులో చెప్పేది గుమ్మం దాటేసరికి మర్చిపోతారు. అయినా ఇన్నాళ్ళూ కోర్సు చేసే వెలగబెట్టావా?" అన్నారు. చూశారా. నేను నేర్పమన్నప్పుడు కోర్సు చేసినవాళ్ళకే రాదు. కోర్సుకి వెళ్తానంటే సొంతంగా నేర్చుకున్నదే చదువు. ఆయన రెండు సిద్ధాంతాలూ కరెక్టే, ఎవరు మాత్రం కాదంటారు? ఏ సిద్ధాంతం ప్రకారం చూసినా ఆరింటికి నేను పొయ్యి దగ్గరే ఉండాలి, అంతే తేడా.

అయినా వెళ్ళాను. టీ చేసి ఫ్లాస్కులో పోసి వెళ్ళేదాన్ని. "ఫ్లాస్కు టీ తాగే ఖర్మ పట్టింది" అని ఆయన అత్తగారితో అనేవారు, నాకు వినబడేలా. ఒకరోజు నేను చెప్పులేసుకుంటుంటే ఆయనకి కళ్ళు తిరిగాయి. నేను చెప్పులు విప్పగానే తగ్గిపోయింది. ఇంకోరోజు ఎవరో ఆఫీసు పెద్దాయన ఇంటికొస్తున్నాడన్నారు, అన్నీ సిద్ధం చేసి కూచున్నాను, ఎవరూ రాలేదు. రెండు క్లాసులు అలా పోయాయి.

క్లాసు టైర్ల కొట్టు పైన. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన ముక్కులోనే ఉండిపోతుంది. పొడుగు గది, గోడ వారగా కంప్యూటర్లు. టీచరమ్మ నా వయసుదే అయ్యుంటుంది, గొంతు ఎప్పుడూ పెంచదు. మొదటిరోజు "దీన్ని మౌస్ అంటారు" అని మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఒకటి చెప్పేలోపు నా చేతులు నాలుగు చేసేసేవి. వెనక నుంచి వచ్చి "ఆగండి. చెయ్యి తీసెయ్యండి. ఇప్పుడు చేసినదాన్ని ఏమంటారో చెప్పండి" అనేది. చెప్పలేకపోయేదాన్ని. నా చేతులకి తెలుసు, నోటికి తెలియదు. "సరే. మొదట్నించి, మళ్ళీ" అనేది. ఆ 'మళ్ళీ'లో కోపం ఉండదు, జాలి కూడా ఉండదు. అడుగు జారినవాళ్ళకి చెయ్యి అందించినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళొచ్చినా ఎవరూ నాతో 'మళ్ళీ' అనే మాట అలా అనలేదు. మా ఇంట్లో అది తిట్టు. మళ్ళీ మాడ్చావా, మళ్ళీ మర్చిపోయావా, అలా వాడతారు.

పక్కవాళ్ళు ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసేవారు. స్క్రీన్ మీద ఏదన్నా కాస్త పక్కకి జరిగితే మాత్రం బిక్కమొహాలు వేసుకుని కూచునేవారు. నేను అలా కాదు. పాడుచేసినదాన్ని ఎవరికీ తెలియకుండా మళ్ళీ బాగుచేయడంలో నాకున్న అనుభవం ఆ గదిలో ఎవరికీ లేదు. కానీ ఎందుకు పాడైందో నాకు ఎప్పుడూ తెలియలేదు. 'ఎందుకు' అని అడగొచ్చని, అడిగితే కసరకుండా చెబుతారని అక్కడే చూశాను. మొదట్లో ఆవిడ పాఠానికి విసుక్కున్నదాన్ని, మెల్లగా ఆ 'ఎందుకు' కోసం మెట్లెక్కడం మొదలుపెట్టాను.

ఇంతలో ఇంట్లో తీర్పు వచ్చింది. ఆ పొద్దున్న నేను టిఫిన్ డబ్బా మూత పెడుతుంటే ఆయన అన్నారు: "రేపట్నించి మానెయ్. ఏడాది లెక్కలు ముగించాలి. సాయంత్రం ఇల్లు నిమ్మళంగా లేకపోతే నా బుర్ర పనిచెయ్యదు. అమ్మకి కళ్ళు సరిగ్గా కనబడవు, పిల్లకి టీ చెయ్యడం రాదు. ఇవాళే వెళ్ళి చెప్పెయ్. కావాలంటే ఆదివారాలు నేనే నేర్పుతాలే." అన్నేళ్ళ తర్వాత నేర్పుతానన్నారు. నేను సరేనన్నాను. ఆయన లెక్కలు చెడితే ఆయన ఉద్యోగం పోతుంది, నేను క్లాసు మానితే కుర్చీయేగా పోయేది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిలబడటం కొత్తా నాకు?

ఆ సాయంత్రం చెప్పెయ్యడానికే వెళ్ళాను. చివర్లో చెబుదామని కూచున్నాను. ఆవిడ ఏదో చేయమంది, అందరం చేస్తున్నాం. వెనక ఆవిడ వచ్చి నిలబడ్డట్టు తెలిసింది. చాలాసేపు కదల్లేదు.

"మీరు ప్రతిసారీ ఆ రెండు బటన్లూ ఎందుకు నొక్కుతున్నారు?"

"పని మొదలుపెట్టేముందు నొక్కాలిగా."

"ఎవరు చెప్పారు?"

పక్కనే ఉన్న బొంగరం నోట్లో నువ్వుగింజ నానదు. "నేనూ నొక్కుతా టీచర్. అక్కే నేర్పింది. నొక్కకపోతే అంకెలు చెడిపోతాయి" అంది.

టీచరమ్మ నవ్వింది, చెడ్డగా కాదు. "దానికీ పనికీ ఏ సంబంధం లేదండీ. స్క్రీన్ మీద ఉన్నదంతా ఒక్కసారిగా దాచెయ్యడానికి అది. ఆఫీసుల్లో బాస్ వస్తుంటే నొక్కుతారు, చేస్తున్నదేంటో కనబడకుండా."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, చేత్తో నోరు మూసుకుని. బొంగరం నా భుజం మీద కొట్టి మరీ నవ్వింది, "ఇన్నాళ్ళూ మనం ఎవరికి దాస్తున్నామక్కా" అంటూ. టీచరమ్మ మాత్రం నవ్వాపి అడిగింది, "ఎవర్ని చూసి నేర్చుకున్నారు?"

"గుర్తులేదండీ" అన్నాను.

క్లాసయ్యాక ఆవిడ గుమ్మం దగ్గర ఆపింది. "రేపొస్తారుగా? ఇంకొకటి తప్పితే మీ పేరు నేను పంపలేను." మానేస్తున్నానని చెప్పడానికే వచ్చిన నేను, ఆ మాట చెప్పకుండానే మెట్లు దిగాను.

ఇంటికి నడిచే దారి కొంచెమే. ఆ కొంచెంలోనే ఎన్ని ఊహించానో. నేను గుమ్మంలో కనబడగానే టక్‌మని దాచేది ఏమై ఉంటుంది? ఎవరన్నా ఆడమనిషి అనుకున్నాను. కంపెనీ లెక్కల్లో ఏదన్నా గోల్‌మాల్ అనుకున్నాను. జైలు దాకా వెళ్ళాను మనసులో. మందుల షాపు ముందు ఆగి గాజు తలుపులో నా మొహం చూసుకున్నాను. చిత్రమేమిటంటే భయంతోపాటు ఎక్కడో చిన్న గౌరవం కూడా కలిగింది. ఇన్నేళ్ళు ఇంతమందిమి నోళ్ళు మూసుకుని కాపలా కాశామంటే, లోపల ఏదో పెద్దదే ఉండి ఉంటుంది కదా.

వెళ్ళేసరికి స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినబడుతోంది. అత్తగారు తన కుర్చీలో కూచుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. కంప్యూటరు ఆపేసి ఉంది. నేను నేల మీద ఆవిడ కాళ్ళ దగ్గర కూచుని ఒక గుప్పెడు చిక్కుళ్ళు తీసుకున్నాను.

"అత్తయ్యా, సాయంత్రాలు మీరిక్కడే ఉంటారుగా. నేను టీ తెచ్చేముందు దాని మీద ఏముంటుంది?"

ఆవిడ తలెత్తలేదు. "ముక్కలు."

"ఏం ముక్కలు?"

"పేక ముక్కలు. ఎర్రవీ నల్లవీ. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాడు. నాకు కనబడదనుకుంటాడు. అన్నీ అయిపోతే గంతులేసుకుంటూ కింద పడతాయి, అది చూడ్డానికి బాగుంటుంది."

"రోజూనా?"

"పనున్న రోజు పనీ చేస్తాడు" అంది ఆవిడ, కొడుకుని వెనకేసుకొస్తూ.

"మరి తెలిసీ, చప్పుడు చెయ్యొద్దని మమ్మల్నెందుకు..."

"తెలిస్తే ఏం చేస్తాం అమ్మాయ్. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. తాగొచ్చి రోడ్డు మీద పడట్లేదు. కళ్ళెదుట ఉన్నాడు. మీ మామగారు నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవారు, అప్పుడు అలవాటైంది నాకిది. డ్యూటీ లేని రోజు కూడా పడుకునేవారనుకో, అది వేరే సంగతి. కాస్త చప్పుడు చెయ్యకుండా ఉంటే సరిపోయే దానికి, మనదేం పోయింది?"

ఆవిడ తీసిన ఈనె నా చీర మీద పడింది. పేక ముక్కలు. ఇంకో ఆడమనిషి ఉందన్నా ఇంత చిన్నబోయేదాన్ని కాదు. లెక్కలు తారుమారు చేశాడన్నా ఏడ్చి, తిట్టి, నలుగురికీ చెప్పుకునేదాన్ని. మొగుడు పేకాడుతున్నాడని ఎవరితో చెప్పుకుంటాను? పందెం లేదు, పక్కన ఆడేవాడు కూడా లేడు. ఒంటరిగా, టీ తాగుతూ, పని నుంచి వచ్చిన మనిషి కాసేపు ఆడుకుంటే తప్పేంటంటారు. నిజమే, తప్పేం లేదు. ఆడుకుంటున్నానని చెప్పి ఆడుకుని ఉంటే నేనే టీలో ఇంకో చెంచా చక్కెర వేసి ఇచ్చేదాన్ని. కానీ ఆడుకునేవాళ్ళకి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండక్కర్లేదు. పని అనే మాట కావాలి దానికి. ఆ మాట ఉంటే లేచి నీళ్ళు తెచ్చుకోనక్కర్లేదు, పిల్ల లెక్క తప్పుచేస్తే చూడనక్కర్లేదు, తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనక్కర్లేదు. ఒక్క మాటతో ఒక మనిషి సంసారంలోంచి రోజూ సెలవు తీసుకున్నాడు. ఆ సెలవు రోజుల పని మొత్తం ఎవరు చేశారంటే, 'పని చేసుకుంటోంది' అని ఎవరూ ఎప్పుడూ అనని నేను చేశాను.

మనదేం పోయింది అంది ఆవిడ. ఆ చిక్కుళ్ళు ముందేసుకుని నిజంగానే ఆలోచించాను, ఏం పోయిందా అని. కుక్కరు కూత ఆయనకి పడదని ఇన్నేళ్ళుగా గిన్నెలో ఎసరు పెట్టి ఉడికిస్తున్నాను. కాలింగ్‌బెల్లు తీగ పీకించాం, వచ్చినవాళ్ళు కాసేపు తలుపు తట్టి వెళ్ళిపోయేవారు, తర్వాత రావడమే మానేశారు. మా అమ్మకి సాయంత్రమే తీరిక. అప్పుడే ఫోన్ చేసేది. "ఆయన పని చేసుకుంటున్నారమ్మా, తర్వాత చేస్తా" అని గుసగుసగా చెప్పి పెట్టేసేదాన్ని. పొద్దున్న తీరికుండదు, సాయంత్రం గొంతుండదు. చివరిసారి ఏదో చెప్పబోయింది. అదీ తర్వాతే అన్నాను. ఆ వారంలోనే అమ్మ పోయింది. ఏం చెప్పబోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఏమీ ఉండదు, కూర ఏం చేశావనో, కాళ్ళ వాపు తగ్గిందా అనో. ఆ మాట ఒక ఎర్ర ముక్క మీద నల్ల ముక్క పడేలోపు పోయింది.

ఇక మా అమ్మాయి. చిన్నప్పుడు దాన్ని పిచ్చుక అనేవాళ్ళం, ఆ పేరు పెట్టింది అత్తగారే. లేచింది మొదలు కిచకిచలే. నడక రాగానే దానికి నేర్పిన మొదటి సంగతి, మునివేళ్ళ మీద నడవడం. రెండోది, నవ్వొస్తే అరచేత్తో నోరు మూసుకోవడం. నేర్పాను అంటున్నాను కానీ అదీ చూసే నేర్చుకుంది, నన్ను. ఇప్పుడు తలుపు వేస్తే గడియ మీద వేలు పెట్టి, రెక్కని అరచేత్తో ఆపి, గాలి కూడా కదలకుండా వేస్తుంది. దాని క్లాస్ టీచరు నాతో అంది, "మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలండీ, పక్కనే ఉన్నా ఉన్నట్టు తెలియదు" అని. నేను పొంగిపోయాను. పాఠం పైకి చదవమంటే దానికి గొంతు రాదని, పెదాలు మాత్రం ఆడతాయని కూడా ఆవిడే చెప్పింది. అది నేను పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని ఎవరూ పిచ్చుక అని పిలవడం లేదు. ఎప్పుడు మానేశామో గుర్తులేదు.

చూసి నేర్చుకున్న చదువులో ఉన్న చిక్కంతా ఇదే. ఎదుటివాళ్ళు చేసే పనితోపాటు వాళ్ళు దాచేది కూడా వచ్చేస్తుంది. ఏది పనో ఏది భయమో విడదీసి చెప్పేవాళ్ళు ఉండరు. దొంగతనాన్ని పద్ధతి అనుకుని బొంగరానికి కూడా అంటించాను నేను.

ఆయన స్నానం చేసి వచ్చారు. "చెప్పేశావా?" అన్నారు, తల తుడుచుకుంటూ.

"చెప్పలేదు."

"రేపు ఫోన్ చేసి చెప్పు. ఓ కప్పు టీ ఇవ్వు."

ఇచ్చాను. వేలు దానంతటదే కప్పు కిందికి వెళ్ళింది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. ఎంత కోపంగా ఉన్నా కప్పు చప్పుడు చెయ్యలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చి, బట్టలు మార్చుకుని, గదిలోకి వెళ్ళారు. అత్తగారు కుర్చీలో. నేను మొహం కడుక్కుని, జడ వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాను. టక్. ఇన్నేళ్ళుగా వింటున్నదే. పని మొదలవుతున్న చప్పుడు అనుకునేదాన్ని దాన్ని. బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకి వెళ్ళాను. ఖాళీ స్క్రీన్. ఆయన చెయ్యి లెక్కల షీటు కోసం కిందికి వెళ్తోంది.

"టీ ఏది?" అన్నారు, నా ఖాళీ చేతులు చూసి.

"ముక్కలు దాచక్కర్లేదండీ. ఆడుకోండి. టీపొడి పొయ్యి పక్కనే ఉంది."

ఆయన మొహంలో ఏ రంగు వస్తుందో చూడాలని రాత్రంతా అనుకున్నాను. తీరా ఆ టైముకి చూడబుద్ధి కాలేదు. "ఏం ముక్కలు?" అన్నారు. తర్వాత, "పనిలో పనిగా మధ్యలో ఎప్పుడైనా..." అన్నారు. తర్వాత గొంతు పెంచి, "ఇవాళ గడప దాటావంటే చూడు" అన్నారు. మా ఇంట్లో ఆ టైములో అంత పెద్ద గొంతు వినడం అదే మొదటిసారి. కిటికీ దగ్గర అత్తగారు కళ్ళు మూసుకుంది. నాకు ధైర్యమేమీ రాలేదు, అబద్ధమెందుకు. రాత్రి ఇంటికొస్తే ఏమవుతుందో తెలియదు. గెలిచి వెళ్తున్నానని కూడా అనిపించలేదు. ఇవాళ తప్పితే మాత్రం కుర్చీ ఉండదు. అదొక్కటే తెలుసు.

వీధి తలుపు దగ్గర మా అమ్మాయి నిలబడి ఉంది, అలవాటుగా, నేను వెళ్ళాక చప్పుడు కాకుండా వెయ్యడానికి.

"పిచ్చుకా" అన్నాను.

ఎవర్ని పిలుస్తున్నానా అన్నట్టు చూసింది.

"నేను మెట్టు దిగాక తలుపు గట్టిగా వెయ్యి. ధనేల్‌మనాలి. ఇల్లంతా వినబడాలి."

"నాన్న..." అంది, పెదాలతోనే.

"వినబడాలి."

మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాను. అది తలుపు పట్టుకుని, ఊపిరి బిగించి, బలంగా విసిరింది. తలుపు రివ్వున వచ్చింది. మూసుకుపోతున్న సందులోంచి చూస్తూనే ఉన్నాను. చివరి క్షణంలో దాని రెండో చెయ్యి దానంతటదే వచ్చి రెక్కని పట్టేసింది. వేలు గడియ మీదకి వెళ్ళింది. తలుపు ఎప్పటిలాగే, చప్పుడు లేకుండా మూసుకుంది.

క్లాసుకి ఆలస్యమవుతోంది. అయినా మెట్టెక్కి తలుపు తోశాను. అది తన చేతిని తనే చూసుకుంటూ నిలబడి ఉంది. కళ్ళలో నీళ్ళు. "రావట్లేదమ్మా" అంది.

దాని వేళ్ళని గడియ మీద నుంచి ఒక్కొక్కటే తీశాను.

"మళ్ళీ" అన్నాను.